చాలు అనే చోటు

పాస్టరు అయ్యగారు ప్రసంగంలో మూడోసారి ‘చివరిగా’ అన్నారు. ఆయన చివరిగా అన్నారంటే ఇంకా చాలా ఉందని సంఘంలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అయినా ఆ మాట చెవిన పడగానే ఆడవాళ్ళ వైపు పట్టాల మీద ఒక కదలిక లేచింది, ముసుగులు సర్దుకున్నారు, ఇంకా అయిపోలేదని తెలిసి మళ్ళీ చప్పబడ్డారు. ఏంజెల్ ముందు వరసలో కూర్చుంది. కూర్చోబెట్టారు అనాలి. ఈ శుక్రవారం ఉపవాస కూడిక ఆమె కోసమే పెట్టారు. కొమరోలు పోయే రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఈ చిన్న ఊళ్ళో వానలు పడాలని ఉపవాసం ఉన్నారు, బోర్లు ఎండిపోకూడదని ఉన్నారు, బెంగళూరు పనికి పోయిన మగవాళ్ళు తాగుడు మానాలని ఉన్నారు. ఒక ఆడపిల్లకు ఆకలి పోవాలని సంఘమంతా కడుపు మాడ్చుకోవడం మాత్రం ఇదే మొదలు. నవ్వొచ్చే సంగతే. కానీ ముందు వరసలో కూర్చున్నవాళ్ళు నవ్వకూడదు, అందులోనూ ఎవరి కోసం అందరూ ఏడుస్తున్నారో ఆ మనిషి అసలు నవ్వకూడదు. అందుకని ఏంజెల్ తల వంచుకుని పట్టా అంచు పీచులు పీకుతోంది.

గోడ అవతల మూడు రాళ్ళ పొయ్యి మీద అన్నం వార్చారు. గంజి వాసన కిటికీలోంచి వచ్చి ఆమె నుదుటి వెనక కూర్చుంది. అందరికీ ఆకలి కడుపులో పుడుతుందట. ఆమెకు అక్కడ పుట్టదు, కనుబొమల వెనక ఎక్కడో లోపల పుడుతుంది, కడుపుతో దానికి పనే లేదు. కడుపు బిగుసుకుపోయి, ఊపిరి అందక, పక్కకు ఒరిగి పడుకున్నప్పుడు కూడా అది అక్కడే ఉండి ఇంకా పెట్టమంటుంది. నొప్పీ ఆకలీ ఒకేసారి, ఒకే ఒంట్లో, ఒకదాన్ని ఒకటి పలకరించకుండా. ఇప్పుడు వంకాయ ముక్కలు ఇంకా మగ్గలేదు, పచ్చి వాసన వస్తోంది. సాంబారు దించారు, తాలింపు పెట్టలేదు. సేమ్యా నేతిలో కాదు నూనెలో వేయించారు, అది అయ్యగారి భార్య, అమ్మగారి పొదుపు. అయ్యగారు చెబుతున్న వాక్యంలో ఒక్క ముక్క తలకెక్కలేదు గానీ గోడ అవతల ఎప్పుడు ఏ గిన్నె మీద మూత తీశారో ఏంజెల్ చెప్పగలదు. ఇదీ ఒక తెలివే అనుకుంటే ఇంతకంటే పనికిమాలిన తెలివి ఎవరికీ ఉండదు, ఆమెకు మాత్రం ఉన్నదంతా అదే అయిపోయింది.

పక్కన అమ్మ. ఎలీషబా కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది, ఒక చెయ్యి కూతురి మోకాలి మీద ఉంది. అది ప్రేమతో వేసిన చెయ్యో, కాపలాకు వేసిన చెయ్యో ఇన్నేళ్ళలో విడదీసి చెప్పడం ఏంజెల్‌కి చేతకాలేదు. అమ్మ మెడలో నల్లదారానికి బియ్యం పెట్టె తాళంచెవి ఉంది, స్నానం చేసేటప్పుడు కూడా తియ్యదు. పొద్దున తల దువ్వుతూ అమ్మ మూడు మాటలు నేర్పించింది, చిన్నప్పుడు కంఠత వాక్యం నేర్పించినట్టే. "ఇది నా ఆశే. జబ్బని చెప్పి దాచుకున్నా. ఈ దినంతో ప్రభువు నన్ను విడిపించినాడు. అంతే పాపా, మూడు ముక్కలు, చెప్పేసి కూర్చో." ఏంజెల్ అంది, "అది అబద్ధం గదమ్మా." "అబద్ధమని నీకెట్ల తెలుసు? చెప్పినాక నిజమైతాదేమో." దువ్వెన చిక్కులో ఆగింది, అమ్మ చిక్కు తియ్యకుండా అట్లాగే పట్టుకుని అంది, "మళ్ళా పిల్లకాయల దగ్గరికి పోవాల్నా, వద్దా?" అక్కడే పట్టుకుంది అమ్మ. ఎక్కడ పట్టుకుంటే బిడ్డ కదలలేదో తల్లులకు బాగా తెలుసు.

పిల్లకాయలు. ఆదివారం పొద్దున గుడి వరండాలో సండే స్కూలు. ఊళ్ళో ఆమె ఒళ్ళు చూసి ముఖం తిప్పుకోనిదీ, చాటుగా నవ్వనిదీ ఆ పిల్లలొక్కరే. వాళ్ళకు లావు అంటే ఒడి. పాట నేర్పుతుంటే ఇటొకరూ అటొకరూ ఆమె చేతులకు ఆనుకుని, కొందరు వీపుకు చేరగిలబడి, చెమట పట్టినా లేవకుండా పాడేవాళ్ళు. చప్పట్లు ఎక్కడ కొట్టాలో, గొంతు ఎక్కడ తగ్గించాలో ఆమె కళ్ళతో చెబితే చాలు, అందుకునేవాళ్ళు. వారం మొత్తంలో ఆ ఒక్క గంటే నుదుటి వెనక ఆకలి కాస్త వెనక్కి జరిగేది. పోయేది కాదు, జరిగేది. జరిగిన ఆ కాస్త చోటులో ఏంజెల్ అనే మనిషి ఉండేది. ఇప్పుడు అమ్మగారు నేర్పుతున్నారు. ఆదివారాలు ఏంజెల్ ఇంట్లో కూర్చుని వింటుంది, రాగం తప్పుగా నేర్పుతున్నారు, పిల్లలు ఆ తప్పునే గొంతు చించుకుని పాడుతున్నారు. ఈ మూడు ముక్కలు చెబితే ఆ వరండా మళ్ళీ ఆమెది అవుతుందని అయ్యగారు మాట ఇచ్చారు. చెప్పకపోతే ఇంక ఎప్పటికీ లేదు. చెప్పేస్తాను, అనుకుంది. ఒక అబద్ధానికి అంత దొరుకుతుంటే ఎవరు మాత్రం చెప్పరు?

అదంతా ఆ రొట్టెతో వచ్చింది. ప్రభువు బల్ల ఉన్న ఆదివారం, సంఘమంతా దేవుని రొట్టె పంచుకునే రోజు, గుడి ఊడవడానికి ముందుగా వచ్చింది. తెల్లగుడ్డ కింద గిద్దలూరు బేకరీ నుంచి తెచ్చిన రొట్టె. గుడ్డ తియ్యకముందే అది మెత్తటిదనీ, నిన్నటిదనీ, అడుగు కొంచెం మాడిందనీ ఆమెకు తెలిసిపోయింది. చీపురు పట్టుకుని నిలబడి తనకు తనే చెప్పుకుంది, ఇది మామూలు రొట్టె కాదు, ఇది పట్టుకోకూడదు, పట్టుకుంటే శాపం. ఆ మాటలన్నీ ఒకవైపు నడుస్తున్నాయి, చెయ్యి ఒకవైపు నడిచింది. ఇంట్లో మాట్లాడుకుంటున్న పెద్దవాళ్ళను దాటుకుని పిల్లవాడు వీధిలోకి పోయినట్టు పోయింది చెయ్యి. తెలివి వచ్చేసరికి సగం రొట్టె లేదు. ఏడుస్తూ తింది, తింటూ ఏడ్చింది, తర్వాత బల్ల కింద రాలిన పొడి కూడా ఏరుకుని తింది. ఆ రోజు అయ్యగారు మిగిలిన సగాన్నే చిదిపి చిదిపి అందరికీ పంచారు, ఒక్కొక్కరికి గోరంత వచ్చింది, గోరంతను నాలుక మీద పెట్టుకుని అందరూ ఆమె వైపే చూశారు. మధ్యాహ్నానికల్లా బల్ల నుంచి తీసేశారు, పిల్లల దగ్గరికి పోవద్దన్నారు. "జబ్బయితే ఇంట్లో అన్నం తింటాది, దేవుని రొట్టె తింటాదా?" అన్నారు అమ్మగారు. ఇంట్లో అన్నానికి తాళం ఉందని ఏంజెల్ చెప్పలేదు, చెబితే అమ్మ పరువు పోతుంది.

దేవుని దగ్గర ఆకలిని అడుక్కున్నది మాత్రం వీళ్ళే.  ఏంజెల్‌కి పన్నెండేళ్ళప్పుడు అన్నం చూస్తే వాంతి. తల పగిలిపోయేలా నొప్పి, బడిలో నల్లబల్ల మీద అక్షరాలు సగం కనపడేవి కాదు, పక్కనుంచి ఎవరొచ్చినా గుద్దుకునేదాకా తెలిసేది కాదు. ఒళ్ళు చీపురుపుల్ల. అప్పుడు కూడా ఇదే పట్టాల మీద శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉన్నారు. అమ్మ నేలకు నుదురు ఆనించి, "నా బిడ్డకు ఆకలియ్యి తండ్రీ, ఒక్క ముద్ద తింటే చాలు, ఇంకేం అడగను" అని ఏడ్చేది. చివరికి గుంటూరు పెద్దాసుపత్రిలో మెదడులో గడ్డ ఉందన్నారు, తల తెరిచి తీశారు. తీసిన కొన్ని రోజులకు వార్డులో ఏంజెల్ ఇడ్లీ అడిగింది. తిని, ఇంకో పొట్లం అడిగింది. పక్క మంచం ఆవిడ తెచ్చుకున్న ఉప్మా అడిగింది. అమ్మ వార్డంతా తిరిగి నర్సులకూ ఆయాలకూ చెప్పుకుంది, నా బిడ్డ తింటాంది, నా బిడ్డ తింటాంది అని. నాయన జాకబ్ ఆనందం పట్టలేక ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడట. ఆ రోజు ఆ వార్డులో సంతోషించని వాళ్ళు లేరు, ఎందుకు తింటోందో అడిగిన వాళ్ళూ లేరు.

ఊరికి వచ్చిన మొదటి ఆదివారం అమ్మ సాక్ష్యం చెప్పింది. ప్రార్థన నెరవేరితే సంఘం ముందు నిలబడి చెప్పాలి, అది ఇక్కడి పద్ధతి, చెప్పకపోతే వచ్చిన మేలు వెనక్కి పోతుందంటారు. "నా బిడ్డకు ఆకలిచ్చిన దేవునికి స్తోత్రం" అంది అమ్మ, సంఘమంతా స్తోత్రం అని గోడలు అదిరేలా అంది. అప్పు చేసి కృతజ్ఞత కూడిక పెట్టారు, వీధి వీధంతా పొట్టేలు కూర తింది. అందరూ తమ ప్రార్థన ఫలం తమ కళ్ళతో చూసుకోవాలని ఆమె చుట్టూ చేరారు. ఏసమ్మవ్వ తన పళ్ళెంలోని ముక్కలన్నీ ఏరి ఆమె పళ్ళెంలో వేసి, "తిను తల్లీ, మేము అడిగి తెచ్చుకున్న ఆకలే ఇది, తిను" అంది. ఆ తర్వాత నెలల తరబడి అంతే. ఒకరు జొన్నరొట్టె, ఒకరు కోడిగుడ్డు, ఒకరు కంభం సంతలో కొన్న మైసూర్‌పాకు. ఆమె తినడం వాళ్ళకు మొక్కు చెల్లినట్టుండేది. జబ్బును పట్టుకుని మేలు అనుకున్నారు, అనుకుని ఊరుకోక చేతులారా మేపారు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అదే ఆమెకు మరీ మంట. చెడ్డవాళ్ళైతే తిట్టుకుని ఊరుకోవచ్చు, ప్రేమతో మేపినవాళ్ళను ఏమని తిట్టాలి?

ఒళ్ళు వచ్చింది. ముందు బుగ్గలు, అందరూ ముద్దుచేశారు. తర్వాత పొట్ట, తర్వాత మెడ, తర్వాత నడవలేనంత. అప్పటికి వాళ్ళ సంతోషానికి కూడా ఎక్కువైపోయింది. ఈ కరువు నేలలో కూలివాళ్ళ పిల్ల సన్నగా ఉంటే ఎవరికీ ఏమీ అనిపించదు. లావుగా ఉంటే లెక్క తేలదు. మిరపకోతకు పోయే తల్లికి, మార్కాపురంలో పలకల గనిలో రాయి కొట్టే తండ్రికి ఇంత లావు పిల్ల ఎక్కడిది? రేషన్ బియ్యంతో ఇంత ఒళ్ళు వస్తుందా? ఎక్కడో తీస్తోంది. ఎవరి ఇంట్లో రొట్టె తగ్గినా, ఎవరి గంపలో కోడిగుడ్డు తగ్గినా చూపులు ఇటే తిరిగేవి. కొన్నిసార్లు ఆ చూపులు నిజమే, అది ఆమె దాచుకోదు. చాలాసార్లు నిజం కాదు, అది ఎవరూ నమ్మరు. తిను తిను అని ముక్కలు ఏరి వేసిన చేతులే ఆమె గడప ముందునుంచి పోతే కంచాల మీద గుడ్డ కప్పడం మొదలుపెట్టాయి.

మళ్ళీ గుంటూరుకు తీసుకుపోయింది అమ్మ. డాక్టరమ్మ చాలా ఓపికగా చెప్పింది, తన తలమీద వేలు పెట్టుకుని మరీ చెప్పింది. మనిషి తింటే కడుపు మెదడుకు కబురు పంపుతుంది, చాలు అని. ఒంట్లో ఉన్న కొవ్వు కూడా పంపుతుంది, నిల్వ ఉంది, ఇంక వద్దు అని. ఆ కబుర్లు అందుకునే చోటు మెదడు అడుగున బాదం గింజంత ఉంటుంది. గడ్డ పెరిగింది సరిగ్గా అక్కడే. గడ్డతో పాటు ఆ చోటు కూడా పాడైపోయింది. ఇప్పుడు ఎంత తిన్నా కబురు అందదు, మెదడు మాత్రం ఈ మనిషి కరువులో ఉంది అనుకుంటుంది. ఇంకా తెచ్చుకో అంటుంది, తెచ్చింది ఖర్చు పెట్టకు అంటుంది, కదలకు అంటుంది, గింజ గింజా కొవ్వు చేసి దాచుకో అంటుంది. అందుకే అందరిలా తిన్నా కూడా ఈ అమ్మాయి ఒళ్ళు పెరుగుతుంది. తిండి ఇంట్లో కళ్ళ ముందు ఉంచకండి, అదొక్కటే మీ చేతుల్లో ఉంది. మాత్రలు రాసింది. ఎదుగుదలకు ఒకటి, నీళ్ళు ఒంట్లో నిలవడానికి ఒకటి, నెలనెలా ఆడపిల్ల అనిపించుకోవడానికి ఒకటి, ప్రాణం నిలవడానికి పొద్దునా సాయంత్రం ఒకటి, అది మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదని గట్టిగా చెప్పింది. ఈ రోజు ఉపవాసంలో కూడా ఆ మాత్రలు మాత్రం వేసుకోవచ్చని అయ్యగారు సెలవిచ్చారు. ఆకలికి ఆ చీటీలో మాత్ర లేదు.

"అంటే నా బిడ్డ తప్పు లేదా తల్లీ?" అని అమ్మ అడిగింది. లేదమ్మా అంది డాక్టరమ్మ. బస్సులో దారి పొడుగునా అమ్మ కూతురి చెయ్యి వదల్లేదు, "నీ తప్పు లేదంట పాపా, నీ తప్పు లేదంట" అని కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ మాట గిద్దలూరు బస్టాండు దాకా నిలిచింది. ఊళ్ళో ఆటో దిగేసరికి సగమైంది. "గడ్డ తీసేసినారు గదా ఎలీషబా, ఇంకేం జబ్బు?" అని ఒకరు, "నోరు నీదైతే నువ్వే కట్టుకోవాల" అని ఒకరు, రోజూ చెవిలో పడేసరికి ఆ మిగిలిన సగమూ పోయింది. తాళం మాత్రం మిగిలింది. డాక్టరమ్మ చెప్పినప్పుడు అది మందు, ఇంటికొచ్చాక అది శిక్ష. ఇప్పుడు ఇంట్లో ఎవరూ ఆమె ముందు తినరు. అమ్మ చేలో తినేసి మూతి తుడుచుకుని వస్తుంది. శనివారం మార్కాపురం నుంచి వచ్చే నాయన బస్టాండు హోటల్లోనే తిని వస్తాడు, ఒకప్పుడు ఆమెకు పకోడీ పొట్లం తెచ్చేవాడు, ఇప్పుడు వట్టి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతాడు. ఆయన చొక్కాకు పరోటా వాసన వస్తుంది. ఆ చొక్కా ఉతకడానికి తీసుకుని ఏంజెల్ ఒకసారి ముఖానికి అదుముకుంది, అది నాయన మీద ప్రేమో, పరోటా మీద ఆశో ఆమెకే తెలియలేదు, తెలియనందుకు ఆమె మీద ఆమెకే అసహ్యం వేసింది.

"చివరిగా," అన్నారు జీవానందం అయ్యగారు నాలుగోసారి, ఈసారి గొంతు ఎండిపోయి మాట చీలింది. ఆయనా రాత్రి నుంచి పచ్చి గంగ ముట్టలేదు, అందులో మోసం లేదు. ఏంజెల్‌కి పక్కచూపు గడ్డతోనే పోయింది, ఎవరినైనా చూడాలంటే తల మొత్తం తిప్పాలి. తిప్పింది. ఏసమ్మవ్వ ఆవలించి, గుటక వేసి, కిటికీ వైపు చూసింది. మగవాళ్ళ వైపు ఇద్దరు కళ్ళు మూసుకున్నారు గానీ ముక్కులు మాత్రం మేలుకునే ఉన్నాయి. మేరీ అమ్మగారు ఉప్పు చూసొస్తానని లేచి పోవడం ఇది ఎన్నోసారో. ఒకామె చంకలో బిడ్డ ఏడుస్తుంటే, తల్లి ఎప్పుడూ లేనంత విసుగ్గా దాని వీపు మీద తట్టింది. అందరి ఒళ్ళూ ఇక్కడ ఉన్నాయి, అందరి ప్రాణమూ గోడ అవతల ఉంది. ఏంజెల్ మళ్ళీ ఒకసారి తల తిప్పి అందరినీ చూసింది. ఈ ముఖాలు ఆమెకు తెలుసు. అద్దంలో రోజూ చూసే ముఖమే అందరికీ అతికించి ఉంది. ముందు ఒక పాడు సంతోషం కలిగింది, అనుభవించండి అనుకుంది. ఆ వెంటనే, ఎందుకో, ఏడుపొచ్చింది.

"ఏంజెల్, రామ్మా. సంఘం ముందు నీ మాట చెప్పు." అమ్మ చెయ్యి మోకాలి మీద నుంచి లేచి వీపు మీద చిన్నగా తోసింది. లేవడం కష్టం, ఒక చెయ్యి నేలకు ఆనించి, ఇంకో చెయ్యి అమ్మ భుజం పట్టుకుని లేచింది. మైకు చేతికొచ్చింది. "అందరికీ వందనాలు. ఇది నా ఆశే," అంది. ఒకటి అయిపోయింది. వరండా కనపడింది, పిల్లలు చేతులకు ఆనుకున్నారు. రెండోది నోటిదాకా వచ్చింది. అప్పుడు గోడ అవతల తాలింపు పడింది. ఆవాలు చిటపటమన్నాయి, ఎండుమిరపకాయ, వెల్లుల్లి, కరివేపాకు వాసన ఒక్కసారి గుడినంతా కమ్మేసింది, సంఘమంతా తెలియకుండానే తలలెత్తి ఒకేసారి ఊపిరి పీల్చింది. అయ్యగారు కూడా. ఏంజెల్ రెండో ముక్క మరిచిపోయింది.

"మీకిప్పుడు ఆకలైతాంది గదా," అంది. ఎవరో నవ్వారు, ఆ నవ్వు ఇంకో ఇద్దరికి పాకింది. ఆమె నవ్వలేదు. "మీ మనసంతా ఆ గోడ అవతలే ఉంది గదా. అయ్యగారు చెప్పేది చెవిలో పడతాలే గదా. నేనూ అట్లనే. కాకపోతే, మీకిప్పుడు ఎట్లుందో నాకు అన్నం తిన్నాక కూడా అట్లనే ఉంటాది. పెండ్లి బువ్వ తిని లేచినా అట్లనే ఉంటాది. కడుపు నొప్పి పుట్టి పండుకున్నా అట్లనే ఉంటాది. ఎనిమిదేండ్ల నుంచి ఒక్క దినం తగ్గలే. ఆ రొట్టె నేనే తిన్నా. ఇది ఆశో, జబ్బో, దయ్యమో మీరే చెప్పండి. ఇప్పుడైతే మీకు తెలుస్తాది." మైకు కిందికి దిగిపోయింది. అమ్మ కళ్ళు తెరిచి చూస్తోంది.

  ఏసమ్మవ్వ మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చి ఏంజెల్ ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "ఓ తల్లీ, ఒక్క పూటకే నా పానం పోతాంది గదే. దీంతో నువ్వెట్ల బతుకుతాండావే? మాకేం తెలుసునే తల్లీ!" అని గట్టిగా ఏడ్చింది. ఆమెను చూసి ఇంకో నలుగురు ఏడ్చారు. అది నటన కాదు, ఏంజెల్ ఆ కన్నీళ్ళను దగ్గరగా చూసింది, నిజమే. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మేమే తెలుసుకోలేదమ్మా," అన్నారు, "తప్పు మాది. వచ్చే ఆదివారం నుంచి నువ్వు పిల్లకాయల దగ్గరికి రా. ఇంక నిన్ను ఎవరూ ఏమీ అడగరు." ఆమెన్ అంది సంఘం. ఏంజెల్ ఒళ్ళంతా తేలికైపోయింది, ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఒంటరితనం తీరింది. ఈ లోకంలో ఇంతమందికి తన లోపల ఎలా ఉంటుందో తెలుసు. అబద్ధం చెప్పకుండానే తెలుసు. అమ్మ వచ్చి ఆమె నడుము చుట్టూ చెయ్యి వేసింది, ఆ చేతిలో ఈసారి కాపలా లేదు. ఆదివారానికి ఏ పాట నేర్పాలో కూడా ఆమె అప్పుడే అనుకుంది.

గుడి వెనక నీడలో బంతులు వేశారు. అన్నం, సాంబారు, వంకాయ కూర, సేమ్యా. అమ్మ ఏంజెల్ విస్తరిలో ఒక గరిటె అన్నం, సగం గరిటె కూర పెట్టి, ఇంక వడ్డించొద్దని వడ్డించేవాళ్ళకు సైగ చేసి, పక్కనే కూర్చుంది. ఏంజెల్ అది తినేసి కూర్చుంది. ఆమె తినడం అయిపోయింది గానీ ఆకలికి అది తెలియదు, కాబట్టి చూడడం మొదలుపెట్టింది. మొదట్లో ముద్ద ముద్దకూ తలలు వంచి తిన్నారు. రెండోసారి అన్నం వచ్చేసరికి ముఖాలు విచ్చుకున్నాయి. సాంబారులో పులుపు ఎక్కువైందన్నారు. మూడోసారికి ఎవరో మిరప ధర ఎత్తారు, ఇంకెవరో జోకు వేశారు, బిడ్డ ఏడిస్తే ఇందాక విసుక్కున్న తల్లే దాన్ని గాలిలోకి ఎగరేసి ముద్దుపెట్టుకుంది. సేమ్యా దగ్గర ఒకరి తర్వాత ఒకరు విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టి చాలు చాలు అన్నారు. ఎంత సులువుగా అన్నారు! ఆ మాట వాళ్ళకు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళకే తెలియదు. ఇందాకటి ముఖాలు ఒక్కొక్కటే పోతుంటే ఏంజెల్ తల తిప్పి తిప్పి చూసింది, ఇంకా ఎవరైనా మిగిలారేమోనని.

ఏసమ్మవ్వ తేన్చి, కొంగుతో మూతి తుడుచుకుని, ఇటు వంగింది. "అయినా ఎంతైనా కొంచెం నోరు కట్టేసుకోవాల తల్లీ. రాత్రి నుంచి మేము ఉండలే? అంతా మనసులో ఉంటాది." చెయ్యి కడుక్కుని వస్తున్న అయ్యగారు ఆగారు. "ఏంజెల్, ఆదివారం సంగతి తొందర లేదులేమ్మా. పెద్దలతో ఒక మాట అనుకోని కబురు చేస్తా." ఏంజెల్‌కి మొదట అర్థం కాలేదు. "ఇందాక రమ్మంటిరి గదయ్యగారూ." "ఇందాక ఏదో మనసు కరిగింది. ఆ పిల్లకాయల తల్లిదండ్రులు ఏమంటారో చూడాల గదా. రొట్టె తిన్నానని నువ్వే మైకులో చెప్తివి." ఆయన గొంతులో కోపం ఏమీ లేదు, మంచినీళ్ళు తాగిన గొంతు, సాఫీగా ఉంది. పళ్ళ సందులో ఇరుక్కున్న వంకాయ తొక్కను నాలుకతో కదుపుకుంటూ వెళ్ళిపోయారు.

ఏంజెల్ అమ్మ వైపు తల తిప్పింది. అమ్మ లేచి అడగాలి. ఇందాక నడుము చుట్టూ చెయ్యి వేసిన అమ్మ, గట్టిగా అడగాలి. ఎలీషబా విస్తరి మధ్యకు మడిచి, ముందుకు వంగి లేచింది. "లెయ్యి పాపా, అందరూ లేచినారు. ఇంకా ఆకు ముందర కూర్చుంటే ఏమనుకుంటారు?" "అమ్మా, అయ్యగారు మాట తప్పినాడు." "ఆ మూడు ముక్కలు చెప్పింటే అయిపోయేది గదా. నేను చెప్తానే ఉంటి." అమ్మ ముఖంలో విసుగు కూడా లేదు, మధ్యాహ్నం భోజనం తర్వాత మనుషుల ముఖాల్లో ఉండే మామూలు మత్తు ఉంది. "ఆకలి ఎవరికి లేదు పాపా? అందరికీ ఉండేదే." ఏంజెల్ ఒక చెయ్యి నేలకు ఆనించి లేచింది, ఇంకో చెయ్యి పట్టుకోవడానికి అమ్మ భుజం అప్పటికే ముందుకు పోయింది. ఆమెకు కోపం రాలేదు. అమ్మకు కడుపు నిండింది, అంతే.